పైన డాబా మీద: ఇంగ్లిష్‌లో చోటునూ కదలికనూ చెప్పే జంటలు

పిల్లి ఇంటికప్పు మీద ఉందని చెప్పడానికి ఇంగ్లిష్‌లో కనీసం రెండు దారులున్నాయి. ‘ద క్యాట్ ఈజ్ ఆన్ ద రూఫ్’ అనొచ్చు. ‘ద క్యాట్ ఈజ్ అప్ ఆన్ ద రూఫ్’ అనీ అనొచ్చు. పిల్లి మారలేదు, కప్పు మారలేదు, పిల్లి కూర్చున్న చోటూ మారలేదు. మన బడిపుస్తకాలు నేర్పేది మొదటి వాక్యం. ఇంగ్లిష్ ఇంటిభాషగా పెరిగినవాళ్ళ నోట రెండోదీ అంతే మామూలుగా వస్తుంది. ఆ ‘అప్’ను తీసేసినా వాక్యానికి వ్యాకరణపరంగా లోటేమీ రాదు. మరి అది ఊతపదమా, ఉత్త అలవాటా, లేక మొదటి వాక్యం చెయ్యలేని పనేదైనా చేస్తోందా?

ఇలాంటి జంటలు ఇంగ్లిష్‌లో కోకొల్లలు. ‘డౌన్ ఇన్’, ‘అవుట్ ఎట్’, ‘ఓవర్ బై’, ‘బ్యాక్ టు’, ‘అవే ఫ్రమ్’ అన్నవి కొన్ని. బడి వ్యాకరణం లెక్కన ముందున్న మాట ఎడ్వర్బ్, వెనక ఉన్నది ప్రిపొజిషన్. ఈ రెండూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులని నా వాదన. ప్రిపొజిషన్ వస్తువును దాని ఆధారానికి ముడివేస్తుంది: కప్పు మీద, నూతిలో, గుమ్మం దగ్గర. ఎడ్వర్బ్ ఆ చోటు ఎటువైపు ఉందో, ఎక్కడో మరో చోటి నుంచి లెక్కగట్టి చెబుతుంది. ఈ వాదనకు గట్టి ఆధారాలూ ఉన్నాయి, నలిగితే నిలవనివీ ఉన్నాయి. రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదు కనుక ఒక్కొక్కటే చూద్దాం.

నూతిలో బొక్కెన

‘ద బకెట్ ఈజ్ డౌన్ ఇన్ ద వెల్’ అన్న వాక్యం తీసుకుందాం. బొక్కెన కింద నూతిలో ఉందని అర్థం. ముందుగా తేలాల్సింది ‘డౌన్’, ‘ఇన్ ద వెల్’ ఒక్క ముద్దగా ఉన్నాయా, లేక పక్కపక్కన నిలబడ్డ రెండు విడి మాటలా అన్నది. బొక్కెన ఎక్కడుందని అడిగితే ‘డౌన్ ఇన్ ద వెల్’ అని మొత్తం కలిపి జవాబివ్వొచ్చు. వాక్యాన్ని తిరగేసి ‘డౌన్ ఇన్ ద వెల్ వాజ్ ద బకెట్’ అన్నా రెండూ కలిసే ముందుకొస్తాయి. ‘ఇన్ ద వెల్’ను మాత్రం ముందుకు లాగి ‘డౌన్’ను వాక్యం చివర వదిలేస్తే ఇంగ్లిష్ చెవికి అది అతకదు. కలిసి కదులుతున్నాయి కాబట్టి కలిసి ఉన్నాయనుకోవడం న్యాయం. అయితే ‘డౌన్’ తర్వాత కామా పెట్టి, గొంతు ఆపి చెబితే ఇవి రెండు విడి సమాచారాలవుతాయి. ఈ పరీక్ష ఒక్క ఊపిరిలో పలికిన వాక్యానికే వర్తిస్తుంది.

రెండో పరీక్ష ‘రైట్’ అనే మాటతో చేసేది. ‘సరిగ్గా, నేరుగా, పూర్తిగా’ అనే అర్థంలో ఈ ‘రైట్’ ప్రిపొజిషన్ల ముందు చేరుతుంది: ‘రైట్ ఇన్‌టు ద రూమ్’, ‘రైట్ బిహైండ్ ద డోర్’. ‘క్విక్లీ’, ‘స్లోలీ’ లాంటి అసలు సిసలు ఎడ్వర్బుల ముందు ప్రామాణిక ఇంగ్లిష్‌లో చేరదు. మరి ‘డౌన్’ ముందు? ‘రైట్ డౌన్ ఇన్ ద వెల్’ అని నిక్షేపంగా అంటారు. అంటే ఎడ్వర్బ్ అని మనం చీటీ అంటించిన మాట ఎడ్వర్బులతో కాక ప్రిపొజిషన్లతో పొత్తు కలుపుతోంది. 1970ల మొదట్లో జోసెఫ్ ఎమండ్స్, రే జాకెండాఫ్ అనే అమెరికన్ భాషావేత్తలు ఇలాంటి ఆధారాలతోనే ఈ చిన్న మాటల్ని ‘కర్మ అక్కర్లేని ప్రిపొజిషన్లు’ అనాలని వాదించారు. ఈ పరీక్షకూ ఓ పరిమితి ఉంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల మాటతీరులో ‘రైట్’కు ‘చాలా’ అనే అర్థం కూడా ఉండి, విశేషణాల ముందూ చేరిపోతుంది. అక్కడి మాటల్ని పట్టుకుని ఈ పరీక్ష పెడితే ఫలితం తారుమారవుతుంది.

నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించేది మూడోది, కొలత పరీక్ష. నూతిలో బొక్కెన ఇరవై అడుగుల లోతున ఉందనుకోండి. ‘ట్వెంటీ ఫీట్ డౌన్ ఇన్ ద వెల్’ అంటారు. అందులోంచి ‘డౌన్’ తీసేసి ‘ట్వెంటీ ఫీట్ ఇన్ ద వెల్’ అంటే అర్థం తప్పిపోతుంది. ఇరవై అడుగుల నీళ్ళో, ఇరవై అడుగుల తాడో నూతిలో ఉన్నట్టు వినిపిస్తుంది. సముద్రంలో పది మైళ్ళ దూరాన ఉన్న పడవ గురించి ‘టెన్ మైల్స్ అవుట్ ఎట్ సీ’ అనాలి. ‘టెన్ మైల్స్ ఎట్ సీ’ అంటే కుదరదు. కొలత ఎప్పుడూ ‘డౌన్’కో ‘అవుట్’కో అంటుకుంటోంది, ‘ఇన్’కూ ‘ఎట్’కూ అంటుకోవడం లేదు. కారణం ఊహించడం కష్టం కాదు. నూతిలో ఉండటానికి, సముద్రం మీద ఉండటానికి దూరం ఉండదు. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. దూరం ఉండేది ఒక మొదలు నుంచి ఒక దిక్కుగా సాగే గీతకే. ఆ గీత గీసేది ఎడ్వర్బ్. చోటు మాటల్ని దిక్కూ నిడివీ ఉన్న సదిశలుగా లెక్కగట్టి అర్థం చెప్పే పద్ధతిని డచ్ భాషావేత్త యోస్ట్ జ్వార్ట్స్ 1997లో ప్రతిపాదించాడు. ఆ పద్ధతికి ఇలాంటి కొలత మాటలే ముఖ్యమైన ఆనవాళ్ళు.

గీతకు మొదలెక్కడ అన్నది అసలు చిక్కు. ‘మాట్లాడేవాడు నిలుచున్న చోటే మొదలు’ అని చాలామంది చప్పున చెప్పేస్తారు. కిందనున్నవాడు పిల్లిని ‘అప్ ఆన్ ద రూఫ్’ అంటే ఆ లెక్క సరిపోతుంది. కానీ కప్పు మీదే ఉన్నవాడు కింద ఉన్నవాడికి ఫోన్ చేసి ‘అయామ్ అప్ హియర్ ఆన్ ద రూఫ్’ అంటాడు. ‘హియర్’ అంటే ‘ఇక్కడ’. తను ఉన్న చోటే ‘ఇక్కడ’, అదే చోటు ‘అప్’ కూడా. మాట్లాడేవాడే మొదలైతే ‘ఇక్కడ’ ఉన్నది ‘పైన’ ఎలా అవుతుంది? అంటే వాడు వినేవాడి చోటు నుంచో, మనుషులు మామూలుగా తిరిగే నేలమట్టం నుంచో లెక్కగట్టుకుంటున్నాడు. కాబట్టి ఎడ్వర్బ్ మొదలుబిందువు ఇద్దరికీ తెలిసిన ఏదో ఒక మట్టం అనడం వరకే ఆధారాలు అనుమతిస్తాయి. మాట్లాడేవాడి చోటు ఆ మట్టాల్లో ఒకటి మాత్రమే.

పేరు తగాదా

ఈ మాటల్ని ఏ గంపలో వెయ్యాలన్నది పాత తగాదా. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు అచ్చేసినప్పుడు, క్రియ వెనక చిన్నమాట చేరి అర్థం మార్చేసే తీరు పరదేశీయులకు అన్నిటికంటే కష్టమని ముందుమాటలోనే రాశాడు. ఆయన బాధ ముఖ్యంగా క్రియల గురించి. చోటు చెప్పే జంటలు ఆ గుంపులోనే కలిసిపోయి ఉండటం వల్ల చాలాకాలం వాటిని విడిగా చూసినవాళ్ళు తక్కువ.

రెండూ ఒకటి కావని చూపించడానికి ఇంగ్లిష్ పాఠ్యగ్రంథాల్లో తరచూ కనిపించే జత ఒకటుంది: ‘షి రాన్ అప్ ఎ హిల్’, ‘షి రాన్ అప్ ఎ బిల్’. మొదటిదానిలో ఆమె పరిగెత్తి గుట్ట ఎక్కింది. రెండోదానిలో కొట్లో బాకీ పెంచుకుంది. ‘అప్ ద హిల్ షి రాన్’ అని తిప్పి చెప్పొచ్చు, బిల్లును అలా తిప్పలేం. ‘రాన్ ఎ బిల్ అప్’ అని ‘అప్’ను చివరికి జరపొచ్చు, గుట్ట విషయంలో అది చెల్లదు. అక్షరాలు ఒకటే అయినా ఒక ‘అప్’ గుట్టను పట్టుకుని ఉంది, రెండోది క్రియను పట్టుకుని ఉంది.

డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ 1924లో వ్యాకరణ తత్త్వం మీద రాసిన పుస్తకంలో వేసిన ప్రశ్న నాకిప్పటికీ పదునుగానే కనిపిస్తుంది. ‘పాడు’ లాంటి క్రియ కర్మతోనూ వస్తుంది, కర్మ లేకుండానూ వస్తుంది. రెండు చోట్లా దాన్ని క్రియే అంటాం. అలాంటప్పుడు ‘ఇన్’ పక్కన నామవాచకం ఉంటే ప్రిపొజిషన్, లేకపోతే ఎడ్వర్బ్ అని పేరు మార్చడమెందుకు? రాడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ ప్రధాన రచయితలుగా 2002లో వచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం ఈ మాటకే కట్టుబడి, ‘డౌన్’, ‘అవుట్’, ‘బ్యాక్’ లాంటివాటిని ప్రిపొజిషన్ల గంపలోనే వేసింది. అంతకుముందు 1985లో రాండాల్ఫ్ క్విర్క్ బృందం వెలువరించిన బృహద్వ్యాకరణం పాత విభజన వదలకుండా, నామవాచకం లేకుండా నిలబడ్డప్పుడు వీటిని ‘ప్రిపొజిషనల్ ఎడ్వర్బులు’ అని మధ్యేమార్గంగా పిలిచింది. నిఘంటువులు చాలావరకు ఇప్పటికీ ఒకే మాటను రెండు పద్దులుగా విడదీసే చూపిస్తున్నాయి.

మన దగ్గర ఈ ప్రశ్న కొత్తది కాదు. పాణిని అష్టాధ్యాయి మొదటి అధ్యాయం నాలుగో పాదంలో ‘ప్ర’, ‘అను’, ‘అభి’ మొదలైన ప్రాదుల్ని ఒక్క జాబితాగా తీసుకుని, క్రియతో యోగం ఉన్నప్పుడు వాటికి ఉపసర్గలని పేరుపెట్టాడు. అవే మాటల్లో కొన్ని క్రియను వదిలి నామం విభక్తిని శాసిస్తే, వాటికి కర్మప్రవచనీయాలని మరో పేరు. ఉపసర్గ క్రియకు ముందే రావాలన్న నియమానికి వేదభాషలో సడలింపు ఉందనీ, క్రియ తర్వాతా రావచ్చనీ, మధ్యలో వేరే మాటలు అడ్డొచ్చినా ఫరవాలేదనీ అదే పాదంలో చెప్పాడు. మాట ఒకటే, పేరు మాత్రం అది దేన్ని పట్టుకుందన్న దాన్నిబట్టి. సంస్కృతం, ఇంగ్లిష్ ఒకే కుటుంబానికి చెందిన భాషలు కాబట్టి ఈ పోలిక కేవలం కాకతాళీయం కాకపోవచ్చు. అలాగని పాణిని సంజ్ఞల్ని తెచ్చి ఇంగ్లిష్‌కు తగిలించడమూ కుదరదు. కర్మప్రవచనీయాలకు ఆయన ఒక్కొక్కదానికీ అర్థం నిర్దేశించి మరీ హద్దులు గీశాడు. ఇంగ్లిష్‌లో అంత బిగువు లేదు.

యంత్రాలకూ ఈ తగాదా తెగలేదు. 1990ల మొదట్లో కూర్చిన బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో సుమారు 10 కోట్ల మాటలున్నాయి, వాటిలో పదోవంతు నోటిమాట. లాంకస్టర్ విశ్వవిద్యాలయంలో తయారైన ప్రోగ్రాము ఒక్కో మాటకూ వ్యాకరణ చీటీ అంటించుకుంటూ పోయింది. నిర్ణయించలేని చోట జంట చీటీలు వేసింది, వాటిలో ‘ఎడ్వర్బ్ లేదా ప్రిపొజిషన్’ అన్నది ఒకటి. ఆ పెద్ద రాశిలోంచి ‘అప్ ఆన్’ లాంటి జంటల్ని లెక్కించి ఎవరైనా అంకెలిస్తే, చీటీల్ని ఎలా పరిష్కరించారో చెప్పనంతవరకు ఆ అంకెల్ని నమ్మకంగా వాడుకోలేం.

నా మట్టుకు నాకు కేంబ్రిడ్జ్ పక్షమే సబబుగా తోస్తుంది. ‘రైట్’ పరీక్షా, కొలత పరీక్షా రెండూ అటే మొగ్గుతున్నాయి. అయినా ఈ వ్యాసంలో ఎడ్వర్బ్ అనే పాత పేరునే ఉంచుతున్నాను, మన తరగతి గదుల్లో చెలామణీలో ఉన్న పేరు అదే కాబట్టి.

ఎగువా దిగువా ఎవరికి?

నూతిలో ‘డౌన్’ అంటే భూమ్యాకర్షణ సాక్ష్యం చెబుతుంది. దారుల మీద ఆ సాక్ష్యం ఉండదు. బ్రిటన్‌లో లండన్‌కు ‘అప్ టు లండన్’ వెళ్తారు, బయల్దేరిన ఊరు లండన్ కంటే ఎత్తున ఉన్నా సరే. అక్కడి రైల్వేల్లో లండన్ వైపు పోయే పట్టా సాధారణంగా ‘అప్ లైను’. మన రైల్వేలోని అప్ లైను, డౌన్ లైను ఆ వాడుక నుంచి వచ్చినవే. ఆక్స్‌ఫర్డ్‌కు చదువుకోసం ‘గో అప్’ అవుతారు, తప్పుచేస్తే ‘సెంట్ డౌన్’ అవుతారు. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు తీరానికి ‘డౌన్ ఈస్ట్’ అని పేరు. బోస్టన్ నుంచి ఓడలు గాలివాలున అటు పోయేవి కాబట్టి, పటంలో పైకి వెళ్తున్నా మాటలో ‘డౌన్’ అయింది. గౌరవం, గాలి, పటం, ఏటివాలు అన్నీ కలగలిసిన వ్యవహారమిది. ఒక్క సూత్రానికి లొంగదు. గోదావరి వరద వార్తల్లో ‘ఎగువన భద్రాచలం వద్ద’, ‘దిగువన ధవళేశ్వరం వద్ద’ అని రాస్తాం కదా, అక్కడ మనకు ఏటివాలు ఒక్కటే కొలబద్ద. ఇంగ్లిష్‌వాడికి అన్ని కొలబద్దలున్నప్పుడు ‘అప్’ ఏ లెక్కన వచ్చిందో సందర్భాన్ని చూసే పోల్చుకోవాలి.

కదలిక మొదలైతే

ఇప్పటిదాకా చూసిన వాక్యాల్లో వస్తువు ఒకచోట ఆగి ఉంది. అది కదిలితే లెక్క చిక్కబడుతుంది. ‘ఇన్’ అంటే లోపల ఉండటం, ‘ఇన్‌టు’ అంటే లోపలికి పోవడం అని పుస్తకాలు గీత గీస్తాయి. వాడుకలో ఆ గీత చాలాచోట్ల చెరిగిపోయి ఉంటుంది. ‘ద బాయ్ జంప్‌డ్ ఆన్ ద బెడ్’ అంటే కుర్రాడు మంచమెక్కి గెంతులేశాడనీ కావచ్చు, కిందనుంచి మంచం మీదికి దూకాడనీ కావచ్చు. ఇక్కడ ఎడ్వర్బ్ వచ్చి చేరితే సందిగ్ధం చాలావరకు తగ్గుతుంది: ‘జంప్‌డ్ అప్ ఆన్ ద బెడ్’ అంటే వినేవాడు రెండో అర్థమే తీసుకుంటాడు. తీసేసినా లోటులేదనుకున్న మాట కదలికలో అర్థాన్ని తేల్చే పని చేస్తోందన్నమాట.

‘ఇన్‌టు’, ‘ఆన్‌టు’, ‘అపాన్’ ఒకప్పుడు విడి జంటలే. వాడగా వాడగా అతుక్కుపోయి ఒక్క మాటలయ్యాయి. ‘డౌన్’ చరిత్ర ఇంకా వింతైనది. పాత ఇంగ్లిష్‌లో ‘గుట్ట మీంచి’ అనే అర్థమిచ్చే రెండు మాటలు అరిగి అరిగి ఈ ఒక్క ముక్కగా మిగిలాయి. అతుకు పూర్తికాని చోట అచ్చులోని ఖాళీ కూడా అర్థం చెబుతుంది. హైదరాబాద్‌లో బయల్దేరిన ఒకామె సూర్యాపేటలో టీ తాగి ‘డ్రోవ్ ఆన్ టు విజయవాడ’ అని రాస్తే, ఆగకుండా ముందుకు సాగి విజయవాడ చేరిందని. ఇందులో ‘ఆన్’ ఎడ్వర్బ్, ‘టు’ ప్రిపొజిషన్. వంతెన మీదికి కారెక్కించినప్పుడు ‘డ్రోవ్ ఆన్‌టు ద బ్రిడ్జ్’ అని కలిపి రాస్తారు. ఊరికి ఆ కలిపి రాసినదాన్ని వాడితే కారు ఊరి నెత్తినెక్కినట్టుంటుంది. అయితే బ్రిటిష్ రచనల్లో వంతెనకు కూడా విడదీసి రాసేవాళ్ళున్నారు, కాబట్టి ఖాళీ ఒక్కదాన్నే సాక్ష్యంగా తీసుకోకూడదు.

ఇంగ్లిష్‌కు ఇంత విరివిగా ఈ మాటలెందుకు? దీనికి ఎక్కువమంది ఉదహరించే జవాబు భాషావేత్త లెనర్డ్ టాల్మీది. 1985లో, తర్వాత 1991లో అతను చేసిన విభజన ప్రకారం కొన్ని భాషలు కదలిక దారిని క్రియలోనే పొదుగుతాయి. స్పానిష్ అలాంటిది, ‘లోపలికి వెళ్ళు’, ‘ఎక్కు’, ‘దిగు’ అనేవి అక్కడ విడి క్రియలు. ఇంగ్లిష్, జర్మన్ లాంటివి క్రియలో కదిలిన తీరును చెప్పి, దారిని క్రియ చుట్టూ తిరిగే చిన్నమాటలకు అప్పగిస్తాయి. ఈ భేదాన్ని కథనాల్లో పరీక్షించడానికి డాన్ స్లోబిన్, రూత్ బెర్మన్ 1994లో వెలువరించిన పరిశోధనలో మెర్సర్ మేయర్ 1969 నాటి మాటల్లేని బొమ్మలకథను వాడుకున్నారు. ఓ కుర్రాడు, కుక్క, తప్పిపోయిన కప్ప అందులోని పాత్రలు. ఇంగ్లిష్, జర్మన్, స్పానిష్, హీబ్రూ, టర్కిష్ మాట్లాడే పిల్లలూ పెద్దలూ ఆ బొమ్మలు చూసి కథ చెప్పారు. దుప్పి కుర్రాడిని కొండకొమ్ము నుంచి కింది నీళ్ళలోకి పడేసే ఘట్టంలో, ఇంగ్లిష్ కథకులు ఒక్క క్రియకే దారిముక్కల్ని వరసగా తగిలించే ధోరణి చూపారు. స్పానిష్ కథకులు కొండనూ నీళ్ళనూ వర్ణించి, దారిని వినేవాడి ఊహకు వదిలే ధోరణి చూపారు. ధోరణి అన్న మాటను ఇక్కడ కావాలనే వాడుతున్నాను. ఒక భాషవాడు ఎప్పుడూ ఒకేలా చెబుతాడని ఆ పరిశోధన చెప్పలేదు.

పసివయసు సాక్ష్యం ఒకటుంది. సూన్‌జా చోయ్, మెలిసా బవర్‌మన్ 1991లో ఇంగ్లిష్, కొరియన్ నేర్చుకునే పసిపిల్లల మాటల్ని పోల్చారు. ఇంగ్లిష్ పిల్లలు ఒంటిమాటల దశలోనే ‘అప్’, ‘డౌన్’, ‘ఇన్’, ‘అవుట్’ అంటున్నారు. తాము ఎక్కినా, తమను ఎవరైనా ఎత్తుకున్నా వాళ్ళకు ‘అప్’ ఒక్కటే. కొరియన్ పిల్లలు ఆ వయసుకే బిగుతుగా అమర్చడానికి ఒక క్రియ, వదులుగా వెయ్యడానికి మరో క్రియ వాడుతున్నారు. మన ఇళ్ళలో పసివాడు చేతులు చాపి ‘ఎత్తుకో’ అంటాడు, అది క్రియ. అదే చోట ఇంగ్లిష్ పసివాడిది ఎడ్వర్బ్. అంటే ఈ మాటలు ఇంగ్లిష్‌లో పెద్దయ్యాక పట్టుబడే నుడికారపు మెరుగులు కావు, పునాదిలోనే ఉన్నాయి.

తెలుగు ఎటు?

టాల్మీ పట్టికలో తెలుగును ఎక్కడ పెట్టాలన్నది తొందరపడి తేల్చే విషయం కాదు. ‘ఎక్కు’, ‘దిగు’, ‘దూరు’, ‘దాటు’ లాంటి దారి క్రియలు మనకు దండిగా ఉన్నాయి కాబట్టి స్పానిష్ పక్కన కూర్చోబెట్టాలనిపిస్తుంది. ‘పరిగెత్తుకుంటూ మళ్ళీ మెట్లు దిగి పెరట్లోకి వెళ్ళాడు’ అనే వాక్యంలో తీరు ఒక అసమాపక క్రియలో, దారి మరో అసమాపక క్రియలో ఉన్నాయి, సమాపక క్రియ వెళ్ళడం. ఇంగ్లిష్‌లో ఇదంతా ఒక్క ‘రాన్’ మీద మోస్తారు: ‘రాన్ బ్యాక్ డౌన్ ఇన్‌టు ద యార్డ్’. కానీ మనవాళ్ళు ‘ఇంట్లోకి పరిగెత్తాడు’ అని కూడా హాయిగా అంటారు. గడప దాటే కదలికను తీరు క్రియతో చెప్పడానికి స్పానిష్ ఒప్పుకోదని పరిశోధకులు గుర్తించారు. తెలుగుకు ఆ పట్టింపు లేదు. ‘లోకి’, ‘పైకి’, ‘బయటికి’ లాంటి మాటలు ఇంగ్లిష్ చిన్నమాటల్లాగే దారిని మోస్తున్నాయి. కాబట్టి తెలుగు రెండు పడవల మీదా కాళ్ళు పెట్టిందనడమే ప్రస్తుతానికి ఆధారాలకు తగిన మాట.

కదలని చోట్ల విషయంలో అయితే ఇంగ్లిష్ జంట మనకు పరాయిది కానే కాదు. అత్తయ్య పైన డాబా మీద బట్టలు ఆరేస్తోంది. తాతయ్య బయట అరుగు మీద కూర్చున్నాడు. కరివేపాకు వెనక పెరట్లో ఉంది. ‘పైన’, ‘బయట’, ‘వెనక’ ముందు దిక్కు చూపిస్తాయి, తర్వాత ‘మీద’, ‘లో’ ఆధారానికి ముడివేస్తాయి. వరస కూడా ఇంగ్లిష్‌దే. ‘పుట్ ఇట్ బ్యాక్ అప్ ఆన్ ద షెల్ఫ్’ను మనం ‘మళ్ళీ పైన అరలో పెట్టు’ అంటాం. ‘బ్యాక్’కు ‘మళ్ళీ’, ‘అప్’కు ‘పైన’, ‘ఆన్ ద షెల్ఫ్’కు ‘అరలో’ ఒకటి తర్వాత ఒకటి సరిగ్గా దిగుతాయి. ఇక్కడ తికమక పడేది ‘బ్యాక్’ అనగానే ‘వెనక్కి’ అని రాసేసేవాళ్ళే.

వస్తువు ఒకచోటి నుంచి బయల్దేరినప్పుడు మాత్రం రెండు భాషలూ అద్దంలో ఎదురుబొదురు నిలబడతాయి. పిల్లి మంచం కిందనుంచి బయటికొచ్చింది. ఇంగ్లిష్‌లో ఆ మాట ‘అవుట్ ఫ్రమ్ అండర్ ద బెడ్’. తెలుగులో మంచం, కింద, నుంచి, బయటికి. ఇంగ్లిష్‌లో బయటికి, నుంచి, కింద, మంచం. వీటిలో ‘కింద’ నామానికి ఆనుకుని ఉండటం, ‘నుంచి’ దానికి అవతల ఉండటం రెండు భాషల్లోనూ తప్పని కట్టడి. ముందు చోటు, ఆ చోటు మీద దారి. చోటునూ దారినీ రెండు అంతస్తులుగా విడదీసి చూపే వివరణ జాకెండాఫ్ 1983 నాటి పుస్తకంలో ఉంది, ఈ వరస దానికి చక్కగా సరిపోతుంది. ‘అవుట్’, ‘బయటికి’ సంగతి అంత గట్టిది కాదు. తెలుగులో బయల్దేరిన చోటు ముందు చెప్పి, చేరిన చోటు తర్వాత చెప్పే అలవాటు ఎలాగూ ఉంది. ‘బయటికి’ చివర పడటానికి ఆ అలవాటే చాలు. పైగా ‘లోపలికి వంటింట్లోకి వెళ్ళింది’ అన్నప్పుడు ఎడ్వర్బ్ మళ్ళీ ముందుకే వస్తోంది. ప్రతిబింబం సగం వరకే నిజం.

బస్సూ కారూ ‘ఎంటర్ ఇన్‌టు’

తెలుగువాళ్ళ ఇంగ్లిష్‌లో తప్పులుగా లెక్కకట్టేవాటిలో రెండింటిని ఈ వెలుగులో మళ్ళీ చూడొచ్చు. మొదటిది ‘గెట్ డౌన్ ఎట్ అమీర్‌పేట’. బ్రిటిష్, అమెరికన్ వాడుకలో బస్సూ రైలూ ‘గెట్ ఆఫ్’, కారూ ట్యాక్సీ ‘గెట్ అవుట్ ఆఫ్’. లేచి నిలబడి నడవగలిగే తలం ఉన్న వాహనం ఒక ఆధారం లాంటిది, దాన్నుంచి ‘ఆఫ్’ అవుతాం. కూర్చోవడానికే చోటున్నది పెట్టె లాంటిది, దాన్నుంచి ‘అవుట్’ అవుతాం. తెలుగు ‘దిగు’ ఈ తేడాను పట్టించుకోదు. బస్సు దిగినా కారు దిగినా గుర్రం దిగినా మనం చూసేది నిలువు దారినే. ‘గెట్ డౌన్’ అన్నవాడు వ్యాకరణం తెలియక కాదు, ఆధారాన్ని చెప్పే మాట ఉండాల్సిన చోట దిక్కు చెప్పే మాట పెట్టడం వల్ల పట్టుబడ్డాడు. అయితే ఇది తెలుగువాళ్ళ సొత్తేమీ కాదు. భారతదేశమంతటా ఇంగ్లిష్‌లో ఈ వాడుక వేళ్ళూనుకుంది, ఇతర భారతీయ భాషల్లోనూ ‘దిగు’కు సాటి క్రియలున్నాయి. ఒక్క తెలుగునే కారణంగా చూపితే ఆధారం చాలదు.

రెండోది ‘ఎంటర్ ఇన్‌టు ద రూమ్’. ‘గదిలోకి ప్రవేశించు’లో ఉన్న ‘లోకి’ని మక్కికి మక్కి దించడం వల్ల వచ్చిందని చెప్పుకునే వివరణ నమ్మదగ్గదే. ‘ఎంటర్’ ఇంగ్లిష్‌కు ఫ్రెంచి నుంచి వచ్చిన క్రియ, ఫ్రెంచి స్పానిష్‌లాగా దారిని క్రియలోనే పొదిగే భాష. దారి లోపలే ఉన్న క్రియకు మళ్ళీ దారిమాట ఎందుకని నేటి ఉపాధ్యాయుడి అభ్యంతరం. కానీ 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో ‘ఎంటర్ ఇన్‌టు’ ఎన్నోచోట్ల ఉంది. మత్తయి సువార్త ఏడో అధ్యాయంలో ఇరుకు ద్వారం ప్రస్తావన దగ్గర ‘ఎంటర్’ తర్వాత ‘ఇన్’, దాని వెనకే ‘ఎట్’ వచ్చి, మనం మాట్లాడుకుంటున్న జంట అచ్చంగా కనిపిస్తుంది. ఫ్రెంచి క్రియను తెచ్చుకున్నా, దారిమాటల అలవాటును ఇంగ్లిష్ వెంటనే వదులుకోలేదన్నమాట. తర్వాతి శతాబ్దాల్లో గదులకూ ఊళ్ళకూ ఆ ‘ఇన్‌టు’ రాలిపోయింది. ఒప్పందాలకూ చర్చలకూ మాత్రం ఇవాళ్టికీ ‘ఎంటర్ ఇన్‌టు’ అనే రాస్తారు.